లమ్కాలో పు చెప్పిన పేర్లు

మణిపూర్ మ్యాపులో చురాచాంద్‌పూర్ అని కనిపించే ఊరిని అక్కడి జనం ఆ పేరుతో పిలవరు. ఇంఫాల్‌లో ఏలిన మహారాజా చురాచాంద్ సింగ్ పేరు మీద పెట్టిన పేరది. ఉత్తరాల మీద, ఆఫీసు బోర్డుల మీద ఉంటుంది. నోటితో మాత్రం లమ్కా అంటారు. 2003లో నేను అక్కడికి లెక్కల మాస్టారిగా వెళ్లాను. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం, దేశంలో ఎక్కడికి వేస్తే అక్కడికి పోవాలి. ఒంగోల్లో ఆర్డరు కాగితం చూసి మా అమ్మ, "బర్మా పక్కనంట గదరా, అక్కడ మనుషులుంటారా?" అంది. ఇప్పుడైతే మణిపూర్‌లోకి పోవాలంటే ఇన్నర్ లైన్ పర్మిట్ కావాలి. అప్పుడు అదేం లేదు. రైలూ బస్సూ మారుకుంటూ పోవడమే.

ఇంఫాల్ నుంచి లమ్కాకి అరవై కిలోమీటర్ల పైచిలుకు. సుమోలో పదిమందిని కుక్కి తీసుకెళ్తారు. విష్ణుపూర్ దాటాక ఎడమ పక్క లోక్‌తక్ సరస్సు, ఆ తర్వాత మొయిరాంగ్. ఆజాద్ హింద్ ఫౌజు 1944లో జెండా ఎగరేసింది అక్కడే. మొయిరాంగ్ దాటితే వరిపొలాలు అయిపోయి కొండలు మొదలు. అదే రోడ్డు లమ్కా మీదుగా కొండలెక్కి దిగి బర్మాలో తెదిమ్ దాకా పోతుంది. అందుకే దాన్ని ఇప్పటికీ టిడ్డిమ్ రోడ్డు అంటారు. ఆ రోడ్డు సంగతి మళ్లీ వస్తుంది.

బళ్లో మొదటిరోజు హాజరు పట్టీ ముందు పెట్టుకుంటే నాకు చెమటలు పట్టాయి. ఏ పిల్లాడికీ ఇంటిపేరు లేదు. మూడేసి ముక్కల పేర్లు. ఒకడు పౌతో మొదలైతే ఇంకొకడి పేరు పౌతో ముగుస్తుంది. అన్నదమ్ములిద్దరి పేర్లలో ఒక్క అక్షరం కూడా కలవదు. ఆడపిల్లల్లో చింగ్‌లు, నియాంగ్‌లు, వుంగ్‌లు. మగపిల్లల్లో లియాన్‌లు, మాంగ్‌లు, ఖుప్‌లు. వీళ్లలో ఎవరు ఎవరికి ఏమవుతారో పట్టీ చూసి చెప్పడం బ్రహ్మతరం కాదు.

ఆ చిక్కు విప్పింది నేను దిగిన ఇంటి యజమాని. అస్సాం రెజిమెంటులో చేసి రిటైరైన పెద్దాయన, డెబ్భై దగ్గర పడ్డాయి. వీధిలో చిన్నా పెద్దా అందరూ ఆయన్ని "పు" అంటారు. తాతని పిలిచే పిలుపే పెద్దవాళ్లకి మర్యాద కూడా. ఆయన భార్య "పీ". నేనూ అలాగే పిలిచాను. ఆయన నన్ను ఫౌజీ హిందీలో "మాస్టర్ సాబ్" అనేవాడు. మా ఇద్దరి మాటలూ ఆ హిందీలోనే నడిచేవి, ఇద్దరికీ అది సరిగా రాదు కాబట్టి ఇబ్బంది లేదు.

పొద్దున ఎనిమిదింటికల్లా అన్నం, సాయంత్రం అయిదింటికి మళ్లీ అన్నం, ఆ తర్వాత పొయ్యి దగ్గర కూర్చోవడం. కరెంటు వచ్చేది తక్కువ, పోయేది ఎక్కువ. ఆ పొయ్యి దగ్గరే నాకు పాఠం మొదలైంది. మొదటి కొడుక్కి నాన్న వైపు తాత పేరులోని ఆఖరి ముక్కని తెచ్చి మొదటి ముక్కగా పెడతారు. తాత పేరు పౌతో ముగిస్తే మనవడి పేరు పౌతో మొదలవుతుంది. రెండోవాడికి అమ్మ వైపు తాత. ఆడపిల్లలకి అదే వరసలో నాయనమ్మ, అమ్మమ్మ. మిగతా రెండు ముక్కలూ ఆ పిల్లాడు పుట్టినప్పటి సంగతో, పెద్దల కోరికో చూసి కలుపుతారు. అప్పుడర్థమైంది నాకు, హాజరు పట్టీలో అన్నదమ్ముల పేర్లు ఎందుకు కలవవో. ఒకడు నాన్న వైపు గొలుసు, రెండోవాడు అమ్మ వైపు గొలుసు.

మేమూ తాత పేరే పెడతాం పు, అన్నాను. "మొత్తం పేరా?" అన్నాడు. మొత్తం అన్నాను. "మొత్తం పెడితే ఎవరిని పిలుస్తున్నారో తాతకి తెలియదు కదా" అని నవ్వాడు. మా ఇంట్లో నిజంగానే ఇద్దరు వెంకటసుబ్బయ్యలు ఉండేవాళ్లు, పెద్దోడు చిన్నోడు అని పిలిచేవాళ్లం. ఆ సంగతి చెప్పలేదు.

తన పేరు నుంచి మొదలుపెట్టి వెనక్కి పోవడం పుకి మహా సరదా. నాన్న, నాన్న నాన్న, ఆయన నాన్న. వేళ్లు మడుస్తూ పోయేవాడు. రెండు చేతుల వేళ్లూ అయిపోయి మళ్లీ మొదటి వేలికి వచ్చాక కూడా ఆగేవాడు కాదు. పాతకాలంలో, క్రైస్తవం రాకముందు, వంశ పూజారి ఇంటి దేవుడికి పంది కోసి ఈ పేర్లన్నీ వరసగా పిలిచేవాడట. ఎవరి ఇంట్లో ఏ పేర్లు పిలుస్తారో, వాళ్లు ఆ వంశం వాళ్లు. పత్రం అక్కర్లేదు, పట్టా అక్కర్లేదు. ఆ వరస చివర ఒక పేరు వస్తుంది, జో. ఆ జో సంతానమే తామందరమూ అంటాడు పు. జో మనుషులు కాబట్టి జోమి.

జో ఎక్కడి నుంచి వచ్చాడు అంటే ఖుల్ నుంచి. ఖుల్ అంటే నేలలో గుహ. అందులోంచి ఒక్కొక్కరే బయటికి వచ్చారట. ఇదే కథ మిజోల దగ్గర ఛిన్‌లుంగ్ అనే బండ కింద నుంచి వచ్చినట్టు ఉంటుంది. వాళ్ల కథలో రాల్తే వంశం వాళ్లు బయటికి వస్తూ ఎంత గోల చేశారంటే, లోకం నిండిపోయిందేమో అనుకుని దేవుడు బండ మూసేశాడు. పు ఆ కథ చెప్పి, పక్క వీధిలో రాల్తే ఇంటి వైపు వేలు చూపించి, "ఇప్పటికీ అంతే" అనేవాడు.

గుహ ఎక్కడుందయ్యా అంటే ఒక్కొక్కరిది ఒక్కో మాట. చైనాలో అంటారు కొందరు. పు మాత్రం గుహ గొడవ వదిలేసి చీమ్‌నువాయ్ గురించి చెప్పేవాడు. అది కథ కాదు, ఊరు. ఇప్పటి తెదిమ్ పట్టణానికి దగ్గర్లో, సాయిజాంగ్ పక్కన ఉండేదట. ఇప్పుడు వేర్వేరు తెగలుగా లెక్కేసుకునే వాళ్ల ముత్తాతలు ఒకప్పుడు అక్కడ కలిసి బతికి, మనుషులు ఎక్కువై పోడు భూమి చాలక, కొండకొకరుగా విడిపోయారు. నాకు గుహ కంటే ఇదే ఎక్కువ నచ్చింది. భాషలు చదివిన వాళ్లు కూడా తెదిమ్, పాయితే, సిమ్తే, వైఫే, జౌ తెగల మాటలన్నీ టిబెటో-బర్మన్ కుటుంబంలో ఒకే కొమ్మకి చెందినవని చెబుతారు. పు తన తెగ మాట పాయితేలో మాట్లాడితే తెదిమ్ నుంచి వచ్చిన చుట్టం అదే యాసతో కాకపోయినా అడ్డం లేకుండా జవాబు చెప్పడం నేను చెవులారా విన్నాను.

చీమ్‌నువాయ్ నుంచి వెళ్లిన కుటుంబాల్లో పు వాళ్లది ఉత్తరానికి వచ్చిన శాఖ. ఆయన పినతండ్రి కొడుకులు ఇంకా తెదిమ్ వైపే ఉన్నారు. క్రిస్మస్‌కి వాళ్లు మొక్కజొన్న, నువ్వులు మోసుకొని ఇటు వచ్చేవాళ్లు. అవతల దేశం, ఇవతల దేశం అన్న సంగతి వాళ్ల మాటల్లో ఎప్పుడూ వినలేదు. 1937 ఏప్రిల్‌లో బ్రిటిష్ వాళ్లు బర్మాని ఇండియా నుంచి విడదీసేదాకా రెండూ ఒక ప్రభుత్వం కిందే ఉన్నాయి కదా. అంతకుముందు 1892లో కలకత్తాలో తెల్ల అధికారులే కూర్చుని, ఈ కొండలన్నిటినీ ఒకే పాలన కింద పెడితే బాగుంటుందని అనుకున్నారు. అనుకోవడంతో సరిపెట్టారు. కొంత బెంగాల్‌కి, కొంత అస్సాంకి, కొంత బర్మాకి, కొంత మణిపూర్ రాజుకి పోయింది. ఎవరి చేతిలో పడితే వాళ్లు పెట్టిన పేరు వచ్చింది. బర్మా వైపు వాళ్లు చిన్, ఇప్పటి మిజోరం అయిన లుషాయి కొండల్లో వాళ్లు లుషాయి, మణిపూర్‌లో వాళ్లు కుకీ. చిన్ కొండల్లో పనిచేసిన కేరీ, టక్ అనే ఇద్దరు అధికారులు 1896లోనే రాశారు, ఉత్తరాది వాళ్లు తమని తాము 'యో' అని చెప్పుకుంటారని. రాసి, మళ్లీ చిన్ అనే పిలిచారు.

పు ఇంటి వరకు ఇదంతా ఆదివారం మధ్యాహ్నం గొడవ. చర్చి నుంచి వచ్చి అందరూ కూర్చుంటారు. పెద్ద కొడుకు తాను జోమి అంటాడు. అల్లుడు, ముందు పాయితే, తర్వాతే ఏదైనా అంటాడు. చిన్న కోడలు వైఫే పిల్ల, ఆమెకి ఈ చర్చే గిట్టదు. ఐజ్వాల్‌లో స్థిరపడ్డ పు చెల్లెలు పిల్లలు మిజోలమని రాసుకుంటారు. తెదిమ్ అన్నదమ్ములు తమ దేశంలో చిన్‌లు. ఒక తాత మనవళ్లే అందరూ. 1956లో కేంద్రం వేసిన షెడ్యూల్డు తెగల జాబితాలో పాయితే, సిమ్తే, వైఫే, జౌ, గాంగ్తే, థాడో, హ్మార్ అన్నీ విడివిడిగా ఎక్కాయి. సర్టిఫికెట్టు కావాలంటే ఆ జాబితాలో ఉన్న పేరే చెప్పాలి. పెద్ద కొడుకు కోపమంతా ఆ జాబితా మీదే. "తహసీల్దారు కాగితంలో జోమి అని రాయడు మాస్టర్ సాబ్, వాళ్ల గడిలో మేము లేము" అనేవాడు.

ఆ పెద్ద కొడుక్కి చరిత్ర వేళ్ల మీద ఉండేది. 1953లో బర్మా వైపు సాయికా గ్రామంలో బాప్టిస్టులు తమ సంఘానికి జోమి బాప్టిస్ట్ కన్వెన్షన్ అని పేరు పెట్టుకున్నారు. 1972లో మణిపూర్‌లో టి. గౌగిన్ జోమి నేషనల్ కాంగ్రెస్ పెట్టాడు. 1988లో మిజోరంలోని చంపాయిలో సరిహద్దుకి అటూ ఇటూ ఉన్న వాళ్లు కలిసి జో సంతతి అంతా ఒకటే కావాలని తీర్మానించారు. ఇవి చెబుతుంటే అల్లుడు పళ్లెం తీసుకొని వంటింట్లోకి పోయేవాడు.

నేను వెళ్లేసరికి 1997 గాయం ఇంకా పచ్చిగానే ఉంది. ఆ జూన్‌లో కుకీలమని చెప్పుకునే వాళ్లకీ పాయితేలకీ మొదలైన కొట్లాట 1998లో ఒప్పందం దాకా సాగింది. వందలమంది పోయారు, ఊళ్లకి ఊళ్లు కాలాయి. లమ్కాలో ఎవరి పేట వాళ్లదైంది. కొన్ని వీధుల్లో కాలిన దూలాలు తీయకుండా అలాగే ఉంచేశారు. పు దాని గురించి ఒక్కసారే మాట్లాడాడు. పిల్లల్ని పడుకోబెట్టాక, గొంతు తగ్గించి, "వాళ్ల పేర్లూ వెనక్కి పోతే మా పేర్లనే తాకుతాయి" అన్నాడు. ఇంకేం చెప్పలేదు. నేనూ అడగలేదు.

అయితే నాకు ఈ జనం ఎవరో నిజంగా తెలిసింది ఆ ఆదివారం చర్చల్లో కాదు, ఒక చావింట్లో. పు పెద్దక్క ఒక చలికాలం తెల్లవారుజామున పోయింది. నేను లేచి మొహం కడుక్కునేలోపే వీధి కుర్రాళ్లు వచ్చేశారు. సంఘం కుర్రాళ్లది అక్కడ పెద్ద పని. పెట్టె వాళ్లే చేస్తారు, గొయ్యి వాళ్లే తవ్వుతారు, కిరాయి అన్న మాట లేదు. రాత్రంతా పాట. తోలు డోలు ఒకటి దరువేస్తుంటే నాలుగు గొంతులుగా విడిపోయి పాడతారు. గొంతు బాగోలేనివాడు ఆ ఊళ్లో నాకు ఒక్కడూ తగల్లేదు. నల్లగా, రంగు చారలతో ఉండే పువాన్‌దుమ్ దుప్పట్లు చుట్టాలు ఒక్కొక్కరే తెచ్చి కప్పుతున్నారు.

అప్పుడు చూశాను ఇన్‌దోంగ్‌తా అంటే ఏమిటో. ప్రతి ఇంటికీ ఒక సభ ఉంటుంది. ఎన్నికల సభ కాదు, పుట్టుకతో, పెళ్లితో ఏర్పడే సభ. ఆ ఇంట్లో పుట్టి బయటికి పెళ్లి చేసుకుని వెళ్లిన ఆడపడుచులు, వాళ్ల భర్తలు 'తనూ'. పనంతా వాళ్లది. వంట, నీళ్లు, మాంసం కోయడం, పంచడం. ఇంటి తరఫున మాట్లాడే జ్ఞాతులు 'థుసా'. ఆడపిల్లనిచ్చిన వాళ్లు, మేనమామల వైపు వాళ్లు, గౌరవం అందుకునే వాళ్లు, వాళ్లు పని ముట్టుకోకూడదు. మన దగ్గర పెళ్లిలో అల్లుడు కాలు మీద కాలేసుకుని కూర్చుంటాడు. అక్కడ సరిగ్గా తలకిందులు. పు అల్లుడు, బ్యాంకులో ఆఫీసరు, పాంటు మడిచి పొగలో కూర్చుని పంది కూర కలుపుతున్నాడు. ఆదివారం చర్చలో అంత బిగిసిపోయే మనిషి, మామ వైపు వాళ్లు ఒక్కమాట అంటే పరుగెత్తాడు. కోసిన మాంసంలో ఏ భాగం ఎవరింటికి పోవాలో ముందే ఖాయం. అది తప్పితే ఏళ్ల తరబడి మాటలుండవు. ఎవరికి ఏ పని అని అడగాల్సిన పని లేదు, జాబితా ఇంట్లో రాసి ఉంటుంది. ఆ జాబితాలో పాయితే, జోమి, చిన్ అన్న మాటే లేదు. ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరు ఏం చేయాలో మాత్రమే ఉంది. తహసీల్దారు గడిలో పట్టనిది అక్కడ పట్టింది.

ఆ జాబితాలో చివర ఒక స్థానం ఉంటుంది. 'జోల్'. వంశం బయట నుంచి ఎంచుకున్న స్నేహితుడికి ఇచ్చేది. పు జోల్ ఒకాయన చనిపోయి కొన్నాళ్లుగా ఖాళీ. అక్క దినాలు అయిపోయాక ఒక సాయంత్రం పు కళ్లజోడు పెట్టుకుని, బళ్లో వాడే రూళ్ల నోటుబుక్కు తెచ్చి నా పేరు మొత్తం చెప్పమన్నాడు. ఇంటిపేరుతో సహా చెప్పాను. రోమన్ అక్షరాల్లో రాసుకున్నాడు. ఇంటిపేరు ఎందుకు ముందొస్తుందని అడిగాడు. చెప్పాను. "మంచిదే, మీ వాళ్లూ వెనకనుంచే మొదలుపెడతారు" అన్నాడు. పీ లోపల్నుంచి ఏదో అంది. పంది తినని వాణ్ణి జోల్ చేస్తే వాటా ఎవరికివ్వాలి అని ఆవిడ అభ్యంతరం. నా వాటా కోడిగుడ్లుగా మార్చారు. అప్పట్నుంచి ఆ ఇంట్లో ఏ విందైనా నాకు రెండు ఉడికిన గుడ్లు వేరే ఆకులో వచ్చేవి.

తిండి గురించి చెప్పాలంటే చాలా ఉంది. బూడిద నీళ్లలో ఉడికించిన ఆకుకూరలు, పులియబెట్టిన సోయాగింజలు, ఒక్కటి చాలు ఇంటిల్లిపాదికీ కన్నీళ్లు తెప్పించే మిరపకాయ. గుంటూరు కారం తిన్న నోరని గొప్పలు పోయిన వాణ్ణి, మొదటివారంలోనే నోరు మూసుకున్నాను. నూనె వాసన లేని కూరలకి అలవాటు పడటానికి మాత్రం చాన్నాళ్లు పట్టింది.

ఒకరోజు పాస్టరుగారు ఇంటికొచ్చారు. ఏ ఊరు అంటే ఒంగోలు అన్నాను. ఆయన కుర్చీలో ముందుకు జరిగి, "క్లఫ్ గారి ఒంగోలా?" అన్నారు. నేను నోరు తెరిచాను. మిషనరీ జాన్ క్లఫ్ 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇప్పించిన సంగతి మా ఊళ్లో బడిపిల్లలకీ తెలుసు. కానీ ఆ సంఖ్య బర్మా సరిహద్దులో ఒకాయన తడుముకోకుండా చెబుతాడని అనుకోలేదు. క్లఫ్‌ని పంపిన అమెరికన్ బాప్టిస్టు మిషనే 1899లో ఆర్థర్ కార్సన్ దంపతుల్ని చిన్ కొండల్లో హాఖాకి పంపింది. ఆ తర్వాత వచ్చిన జె.హెచ్. కోప్ తెదిమ్ మాటకి రోమన్ అక్షరాలు అమర్చి బడి పుస్తకాలు రాశాడు. పు నోటుబుక్కులో నా పేరు రాసింది ఆ అక్షరాల్లోనే.

కానీ కోప్ కంటే ముందే అక్కడొకడు సొంతంగా లిపి చేసుకున్నాడు. పౌ చిన్ హౌ. 1859లో తెదిమ్ ప్రాంతంలో పుట్టినవాడు. ఏళ్ల తరబడి జబ్బుతో మంచాన పడి, ఆ జబ్బులో కలలు కని, ఆ కలల్లో దేవుడు తనకి అక్షరాలు చూపించాడన్నాడు. ముందు 1,050 గుర్తులు, తర్వాత కుదించి 57. ఆయన పెట్టిన మతాన్ని లాయిపియన్ అంటారు. ఎన్నో దయ్యాలకి బలులిచ్చుకుంటూ పోయే పద్ధతి మానేసి ఒక్క దేవుణ్ణి కొలవమన్నాడు. ఆయన 1948లో పోయాడు. పు చిన్నప్పుడు తెదిమ్ చుట్టాలింట్లో ఆ అక్షరాలు చూశాడట. గోడ మీద బొగ్గుతో రెండు మూడు గీసి చూపించాడు, తర్వాత గుర్తులేదని తుడిచేశాడు. 2014లో ఆ లిపి యూనికోడ్‌లోకి వచ్చిందని చదివినప్పుడు నాకు ఆ బొగ్గు గీతలే గుర్తొచ్చాయి. ఒక మనిషి కలని కంప్యూటర్లో టైపు చేయొచ్చు, అంతకంటే ఏం కావాలి.

మూలాల వెతుకులాటలో ఇంకో దారి కూడా ఉంది లమ్కాలో. కొందరు తాము ఇజ్రాయేలు తప్పిపోయిన గోత్రాల్లో మనష్షే గోత్రం వాళ్లమని నమ్మి యూదు మతంలోకి వెళ్లారు. బ్నే మెనాషే అంటారు. నేను అక్కడుండగానే, 2005లో, ఇజ్రాయేలు ప్రధాన రబ్బీ ష్లోమో అమర్ వాళ్లని ఆ సంతతిగా గుర్తించాడు. లమ్కాలో ఆ వారమంతా అదే మాట. మా బళ్లో ఒక పిల్లాడు టోపీ పెట్టుకుని వచ్చాడు, వాళ్లక్క ఇల్లు అమ్మేస్తున్నామంది. పుకి ఈ సంగతి నచ్చదు, "మనకి తాతలు తక్కువయ్యారా, ఎక్కడివాళ్లనో తెచ్చుకోవడానికి" అని సణిగేవాడు. నేను మా అత్తగారి ఊరి సంగతి చెప్పాను. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో మన తెలుగువాళ్లే కొందరు తాము ఎఫ్రాయిము గోత్రమని చెప్పి ప్రార్థనా మందిరం కట్టుకున్నారు. బైబిల్లో మనష్షే, ఎఫ్రాయిము ఇద్దరూ యోసేపు కొడుకులే. పు చాలాసేపు ఆలోచించి, "అయితే నువ్వు నాకు జోల్ కాదు, తమ్ముడివి" అన్నాడు. అంత నవ్వు ఆ ఇంట్లో అంతకుముందు వినలేదు.

ఇంకా ఏవేవో ఉన్నాయి. ఫిబ్రవరి 20న జోమి నామ్ ని పండగ, మైదానమంతా పువాన్ దుప్పట్లు. 1948లో ఆ రోజునే బర్మాలో ఫలామ్ సభలో వేలమంది చేరి వంశపారంపర్య దొరతనం వద్దని తేల్చారట. పంట ఇంటికొచ్చాక చేసే ఖువాదో, కాగడాలు పట్టుకుని దయ్యాలని తరమడం, ఇప్పుడు దయ్యాలు లేకుండా కాగడాలు మాత్రం. 2006 తర్వాత వెదురు పూసి, ఎలుకలు పెరిగి, కొండ ఊళ్లలో వరి గింజ మిగలకపోవడం. బళ్లో హాస్టలు పిల్లలు ఇంటి నుంచి వచ్చేటప్పుడు బియ్యం తేలేదు ఆ ఏడు. 2000లో ఒక తీవ్రవాద సంస్థ హిందీ సినిమాలు ఆడకూడదని హుకుం వేశాక ఆ ఖాళీలోకి కొరియా సీరియళ్లు వచ్చాయి. మా తొమ్మిదో తరగతి ఆడపిల్లలు కొరియన్‌లో పలకరించుకునేవాళ్లు. నా హిందీ మాత్రం ఎవరికీ అక్కర్లేదు.

టిడ్డిమ్ రోడ్డు సంగతి చెప్తానన్నాను. 1944 మార్చిలో పుకి పదేళ్లు. జపాన్ వాళ్లు ఆ రోడ్డు మీదే ఇంఫాల్‌కి వచ్చారు. ఊరంతా అడవిలోకి పోయింది. వాళ్ల నాన్న మూట కట్టుకున్నది ఏమిటంటే ఒక కుండ, కాస్త ఉప్పు, రెండు పువాన్‌లు. ఆ అడవిలో రాత్రిపూట నిప్పు వెయ్యకూడదు కాబట్టి చీకట్లో కూర్చోబెట్టి పిల్లలకి పేర్లు నేర్పించాడట. తప్పిపోతే ఏ జోమి ఊరికి చేరినా ఆ వరస చెబితే ఎవరో ఒకరు ఇంట్లోకి పిలుస్తారని. పు వరసంతా నేర్చుకున్నది అక్కడ.

2008లో నాకు బదిలీ అయింది. ఆ తర్వాత క్రిస్మస్‌కి ఫోను, అంతే. పు 2016లో పోయాడు. వెళ్లలేకపోయాను. పీ ఫోన్లో, నా వాటా గుడ్లు పక్కింటి పిల్లలకి ఇచ్చామని చెప్పింది.

2023 మే 3న మణిపూర్ రగిలింది. ఈసారి ఇంఫాల్ లోయలోని మైతేయిలకీ, కొండల్లోని కుకీ-జో జనానికీ. పు కూతురూ అల్లుడూ ఇంఫాల్‌లో పాయితే వెంగ్ అనే పేటలో ఉండేవాళ్లు. ఇల్లు పోయింది. సైన్యం శిబిరంలో ఉండి, తర్వాత లమ్కాకి చేరారు. ఆ రోజుల్లోనే ఇక్కడ ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వాలు ఇంఫాల్‌లో చదువుకునే మన పిల్లల్ని ప్రత్యేక విమానాల్లో తీసుకొచ్చాయి. టీవీలో శంషాబాద్‌లో తల్లులు పిల్లల్ని కావలించుకోవడం చూస్తూ నేను లమ్కా నంబరుకి ఫోను చేస్తూ కూర్చున్నాను. నెట్ లేదు, మామూలు కాలు కూడా దొరికేది కాదు. దొరికినప్పుడు అల్లుడే ఎత్తాడు. ఏం పోయాయని అడిగితే, సామాన్ల గురించి చెప్పలేదు. మామగారి నోటుబుక్కు లమ్కాలోనే ఉండబట్టి బతికిపోయింది అన్నాడు. డిసెంబరు 20న లమ్కాలో ఒకేచోట 87 మందిని పాతిపెట్టారు. 1997లో ఒకరినొకరు కాల్చుకున్న పేటల వాళ్లు ఆ గోతులు కలిసి తవ్వారు.

పు మనవడు, ఆ అల్లుడి కొడుకు, ఇప్పుడు హైదరాబాద్‌లో గచ్చిబౌలి వైపు ఉద్యోగం చేస్తున్నాడు. వాడి పేరు రెండో కొడుకు వరసలో పు పేరు ఆఖరి ముక్కతో మొదలవుతుంది. నన్ను "పు" అంటాడు. మొదటిసారి అన్నప్పుడు ఎవర్ని పిలుస్తున్నాడా అని వెనక్కి చూశాను. అప్పుడప్పుడు ఆదివారం ఇంటికొచ్చి పప్పుచారు తింటాడు, పెరుగు ముట్టుకోడు.

పోయిన నెల వాడి పెళ్లి ఖాయమైంది. పిల్ల తెదిమ్ వైపు నుంచి వచ్చి మిజోరంలో తలదాచుకున్న కుటుంబం. 2021లో బర్మాలో సైన్యం అధికారం లాక్కున్నాక వచ్చిన వాళ్లు. పెళ్లి లమ్కాలో. వాడు శుభలేఖ ఇవ్వలేదు. ఫోన్లో నోటుబుక్కు పేజీ ఫోటో చూపించాడు. చివర్లో నా పేరు ఇంటిపేరుతో సహా, పు రాత. తాత చేర్చిన జోల్ తాత పోయినా ఉంటాడు, కాబట్టి పెళ్లిలో మీ పని మీకుంటుంది అన్నాడు. ఏం పని అంటే, పెద్దవాళ్లు చెబుతారన్నాడు. మా ఆవిడ నడుం నొప్పి మనిషిని పొయ్యి దగ్గర కూర్చోబెట్టొద్దని ముందే చెప్పింది వాడికి.

ప్రయాణం ఎలాగో లెక్కేశాం. వాడు ఇంఫాల్‌లో దిగలేడు. కుకీ-జో మనిషి ఇంఫాల్ లోయలో అడుగు పెట్టే రోజులు కావు. ఐజ్వాల్ దాకా విమానం, అక్కడ నుంచి మిజోరం కొండల మీదుగా సుమోలో రాత్రీ పగలూ పోతే లమ్కా. నాకా ఇబ్బంది లేదు. నేను తెలుగువాణ్ణి, పర్మిట్ తీసుకుని ఇంఫాల్‌లో దిగి, మొయిరాంగ్ దాటి, చెక్‌పోస్టుల్లో కాగితాలు చూపించుకుంటూ టిడ్డిమ్ రోడ్డు మీద పోవచ్చు. ఇద్దరం ఒకే పొద్దున శంషాబాద్‌లో ఎక్కితే, పెళ్లికొడుకు కంటే ఒకరోజు ముందు నేను వాళ్లింటికి చేరతాను. చేరాక పీకి ముందుగా ఏం చెప్పాలో వాడు నేర్పిస్తున్నాడు, నా పాయితే పూర్తిగా తుప్పుపట్టింది.